విరిగే మంచమే మంచి మంచం

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద ఏ పరుపుల షాపులో అడుగుపెట్టినా ముందు వినిపించే మాట "పడుకొని చూడండి సార్". ఆ వెంటనే రెండోది: "పదేళ్లు దీని జోలికి పోనక్కర్లేదు." ఈ రెండు మాటలూ విని, డబ్బు కట్టి, ట్రాలీ ఆటో మాట్లాడుకొని సరుకు ఇంటికి చేర్చుకునేవాళ్లే ఎక్కువ. నా సలహాలు దీనికి పూర్తిగా ఎదురు. పడుకొని చూడకండి, బోర్లా వేసి చూడండి. జోలికి పోనక్కర్లేని మంచం కొనకండి, జోలికి పోగలిగే మంచం కొనండి. విరగని మంచం అడగకండి, ఎక్కడ విరుగుతుందో ముందే చూపించగలిగే మంచం అడగండి.

అమ్మేవాళ్లు వీటిని తిక్క సలహాలంటారు. ఇంట్లోవాళ్లు కూడా అనవచ్చు. అయినా చెప్పక తప్పదు. ఒక్క స్ప్రింగు తెగిందని మొత్తం పరుపును, ఒక్క వెల్డింగు ఊడిందని మొత్తం మంచాన్ని పాత సామాన్ల బండికి వేసే అలవాటు మనకు పుట్టుకతో వచ్చింది కాదు. రిపేరుకు లొంగని వస్తువులు కొనడం మొదలుపెట్టాకే పట్టుకుంది. అలవాటు మారాలంటే ముందు కొనే తీరు మారాలి, దాన్ని చూసి చేసే తీరూ మారుతుంది.

విరగని మంచం అడగకండి

విరగని వస్తువంటూ లేదు. మనం పక్కకు ఒత్తిగిలిన ప్రతిసారీ, పిల్లలు ఎక్కి గెంతిన ప్రతిసారీ ఇనుము కొంచెం వంగి మళ్లీ లేస్తుంది. అలా వంగి లేచి, వంగి లేచి ఎక్కడో ఒకచోట సన్నటి చీలిక మొదలవుతుంది. ఇనుముకూ అలసట ఉంది. కాబట్టి "విరుగుతుందా?" అని అడగడం దండగ. ముందు విరిగేది ఏది, అది ఎంతకు దొరుకుతుంది, మార్చడానికి ఎవరు రావాలి? అడగాల్సినవి ఇవి.

నులక మంచం చేసినవాళ్లు ఈ ప్రశ్నలకు జవాబులు ముందే చూసుకున్నారు. కోళ్లు, పట్టెలు గట్టి కర్ర. తాత చేయించినవి మనవడి దాకా వచ్చేవి. అరిగేదీ తెగేదీ నులక. మంచం మొత్తంలో చౌకైనది అదే, పేనేవాళ్లు ఊళ్లోనే ఉండేవారు, అల్లడం ఇంట్లో ఎవరో ఒకరికి వచ్చి ఉండేది. కాళ్ల వైపు కాస్త జాగా వదిలి అక్కడ బిగింపు తాడు వేసేవారు. మంచం కుక్కి అయిందంటే అల్లిక అంతా విప్పే పనిలేదు, ఆ తాడు లాగి కడితే మళ్లీ బిర్రుగా నిలిచేది. నవారు మంచమైతే ఇంకా మేలు. వదులైన నవారును విప్పి, ఉతికి, ఆరేసి మళ్లీ బిగించేవారు. నల్లులు పడితే మంచాన్ని ఎండలో నిలబెట్టి కీళ్లలో మరిగే నీళ్లు పోసేవారు. అంటే ఆ మంచంలో చెయ్యి చేరని చోటు లేదు, నీళ్లు పోయకూడని చోటూ లేదు.

పాత ఇనుప స్ప్రింగు మంచం కూడా ఆ కోవలోదే. సర్కారు దవాఖానాల్లో, రైల్వే క్వార్టర్లలో చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. చుట్టూ యాంగిల్ చట్రం, మధ్యలో ఒకదానికొకటి తగిలించిన తీగల వల, ఆ వలను చట్రానికి లాగి పట్టుకునే చిన్న చిన్న స్ప్రింగులు. ఒకటి పోతే ఆ ఒక్కటే తీసి ఇంకోటి తగిలించవచ్చు. కటింగ్ ప్లయర్ ఉంటే చాలు. అయితే దానికో జబ్బుంది. చుట్ట తెగదు, చుట్ట చివర కొక్కెం తెగుతుంది. లాగే స్ప్రింగులన్నిటి బలహీనతా అదే. తీగను చుట్ట నుంచి మలిచి కొక్కెంగా వంచిన మలుపులోనే ఒత్తిడి అన్నిటికంటే ఎక్కువ.

ఇలాంటి మంచం ఇవాళ చేయించుకునేవాళ్లకు నా సలహా ఇది. స్ప్రింగు కొక్కేన్ని నేరుగా చట్రానికి తగిలించనివ్వకండి. మధ్యలో మెత్తటి ఇనుముతో చేసిన ఎస్ హుక్కు ఒకటి పెట్టించండి. బరువు మితిమీరినప్పుడు ఆ హుక్కు సాగి తెరుచుకోవాలి, స్ప్రింగు బతకాలి. కావాలని ఒకచోట బలహీనంగా చేయమంటున్నానా అంటే, అవును, అదే అంటున్నాను. ఇంట్లో కరెంటు ఫ్యూజు చేసే పని కూడా అదే. బలహీనత ఎక్కడుండాలో మనం తేల్చకపోతే మంచమే తేల్చుకుంటుంది, అది తేల్చుకునే చోటు మనకు అందేది కాదు.

వెల్డింగు గట్టిదని మురిసిపోకండి

ఈ సలహా ముఖ్యంగా హాస్టళ్లు నడిపేవాళ్లకు. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట గల్లీల్లో హాస్టల్ బోర్డు లేని గల్లీ అరుదు. డీఎస్సీకి చదివేవాళ్లు, గ్రూప్స్‌కు చదివేవాళ్లు, బ్యాంకు పరీక్షలవాళ్లు, సాఫ్ట్‌వేర్ కోర్సులవాళ్లు రాష్ట్రం నలుమూలల నుంచీ ఇక్కడికే దిగుతారు. అపార్ట్‌మెంట్ ఫ్లోరును త్రీ షేరింగ్, ఫైవ్ షేరింగ్ గదులుగా చేసి, పట్టినన్ని ఇనుప మంచాలు, డబుల్ డెక్కర్లు దించుతారు. వాటి మీద పల్చటి పరుపు. అక్కడ చేరిన విద్యార్థికి ఆ మంచమే చదువుకునే కుర్చీ, అన్నం తినే బల్ల, ల్యాప్‌టాప్ పెట్టుకునే టేబుల్. ఇంట్లో మంచానికి పగలు సెలవుంటుంది. హాస్టల్ మంచానికి ఆ సెలవు కూడా లేదు.

నిలువుగా పడే బరువు మంచాన్ని అంత తొందరగా చంపదు. పక్కకు ఊగే ఊపు చంపుతుంది. పై మంచంవాడు నిచ్చెన ఎక్కిన ప్రతిసారీ, దిగిన ప్రతిసారీ నాలుగు కాళ్లూ ఒకవైపు వాలి మళ్లీ నిలబడతాయి. ఆ ఊపంతా వెళ్లి పట్టె కాలికి అతికిన మూలలో పడుతుంది. వెల్డింగు అంచున, పోసిన లోహం పాత లోహాన్ని కలిసే గీత దగ్గర చీలిక పుడుతుంది. హాస్టల్లో ఉండే పిల్లలు కూడా ఇది చూసుకోవచ్చు. మూలలో రంగు పగిలి, ఆ పగులు వెంట ఎర్రటి తుప్పు గీత వెంట్రుకలా కనిపిస్తే చీలిక మొదలైందని అనుమానించాలి, పై మంచం ఖాళీ చేయించాలి. మొదట కిర్రుమంటుంది, తరువాత టక్కుమంటుంది, ఆ తరువాత ఒక రాత్రి ఒక మూల కిందికి జారుతుంది.

అప్పుడు వార్డెన్ వెల్డర్‌కు ఫోన్ చేస్తే వచ్చే జవాబు ఒకటే: "అన్నా, మూడో ఫ్లోరుకు మిషన్ ఎక్కియ్యలేను, మంచం కిందికి దింపియ్యి." అతణ్ని తప్పుపట్టలేం. పరుపులు, పుస్తకాలు, కర్టెన్లు ఉన్న గదిలో నిప్పురవ్వలు చిమ్మే పని చేయనే కూడదు. దింపుదామంటే ఒకే ముక్కగా అతికించిన మంచం గుమ్మంలో పట్టదు, మెట్ల మలుపులో తిరగదు. చివరికి మూలను తాడుతోనో బైండింగ్ తీగతోనో కట్టి నెట్టుకొస్తారు. ఆ పై మంచం మీద ఎవరో తల్లిదండ్రులు నెలనెలా ఫీజు కట్టి పంపిన బిడ్డ పడుకుంటూనే ఉంటుంది. నాకు దీన్ని తేలిగ్గా తీసుకోవడం చేతకాదు.

అందుకే బోల్టు మంచం చేయించండి. "బోల్టు వదులవుతుంది కదా, వెల్డింగే పక్కా" అని ఫ్యాబ్రికేటర్ అంటాడు. వదులవుతుంది, నిజమే. వదులైన బోల్టు చప్పుడు చేసి మరీ చెబుతుంది, ఎవరైనా ఒక నిమిషంలో బిగిస్తారు. తెగిన వెల్డింగును బిగించడం ఎవరి తరం కాదు. పట్టెలను కాళ్లకు అతికించకుండా, మూలలో మందపాటి ప్లేటు పెట్టి, మూలకు రెండేసి బోల్టులు, ఒకదానికొకటి ఎంత ఎడంగా వీలైతే అంత ఎడంగా వేయించండి. ఒక్క బోల్టు వేస్తే అది ఇరుసై తిరుగుతుంది, ఊపు ఆగదు. వెనక వైపు కాలి నుంచి కాలికి ఏటవాలుగా ఒక పట్టీ వేయించండి. ఇనుము ఎంత మందం పెంచినా ఆపలేని ఊపును ఈ ఒక్క పట్టీ ఆపుతుంది.

పైపు మంచాల దగ్గర ఇంకో చిన్న సంగతి, పెద్ద తేడా. పైపుకు ఆరుపారు రంధ్రం వేసి బోల్టు బిగిస్తే పైపు గోడలు లోపలికి నొక్కుకుపోతాయి. ఎంత బిగిస్తే అంత నొక్కుకుంటాయి, బిగువు నిలవదు. బోల్టు మంచాలకు చెడ్డపేరు తెచ్చింది చాలావరకు ఇదే. పైపు లోపల బోల్టు చుట్టూ ఒక ఇనుప బుష్ పెట్టి, బిగింపు దాని మీద పడేలా చేస్తే ఈ బాధ ఉండదు. నట్టు మామూలుది వద్దు, లోపల నైలాన్ రింగు ఉండే నైలాక్ నట్టు వేయించండి. 18 గేజ్ పైపు బదులు 16 గేజ్ అడగండి, అంటే 1.2 మిల్లీమీటర్ల బదులు 1.6. అన్నిటికంటే ముఖ్యం, మంచమంతా ఒకే సైజు బోల్టులు ఉండాలి. 8 మిల్లీమీటర్ల బోల్టు అనుకుందాం, అప్పుడు 13 నంబర్ స్పానర్లు రెండు ఉంటే హాస్టల్లోని మంచాలన్నీ మీ చేతిలో ఉన్నట్టే. బోల్టులు, నట్లు, వాషర్లు రాణిగంజ్‌లో కిలోల లెక్కన తెచ్చుకోవచ్చు. కొత్త బ్యాచ్ దిగేముందు, గదులకు సున్నాలు వేయించే రోజుల్లోనే స్పానర్ పట్టుకొని గది గదికీ తిరగండి.

స్ప్రింగుల సంఖ్య అడగకండి

పరుపు అమ్మేవాళ్లు గొప్పగా చెప్పే అంకె స్ప్రింగుల సంఖ్య. ఆ అంకెను వదిలేసి తీగ మందం ఎంత అని అడగండి. చుట్ట స్ప్రింగు బిగువు తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. లెక్క వేసి చూడండి: 2 మిల్లీమీటర్ల తీగ బదులు 2.2 మిల్లీమీటర్ల తీగ వాడితే, మిగతా కొలతలన్నీ అవే ఉన్నా, స్ప్రింగు 46 శాతం గట్టిపడుతుంది. కంటికి ఆనని ఆ కాస్త మందం అంత పని చేస్తుంది. చుట్ట వెడల్పు పెరిగినా, చుట్లు పెరిగినా స్ప్రింగు మెత్తబడుతుంది. ఇవేవీ చెప్పకుండా సంఖ్య ఒక్కటే చెబితే మనకు తెలిసింది ఏమీ లేదు. తీగను గేజ్‌లలో చెబితే కూడా ఆపండి. గేజ్ నంబర్ పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది, 14 గేజ్ అంటే 13 కంటే సన్నది. మిల్లీమీటర్లలో చెప్పమనండి.

ఇంకో సలహా చాలామందికి మింగుడుపడదు: రిపేరు ముఖ్యమనుకుంటే పాకెట్ స్ప్రింగు వద్దు, బోనెల్ తీసుకోండి. పాకెట్ స్ప్రింగును కొత్త టెక్నాలజీగా అమ్ముతారు. కెనడాలో జేమ్స్ మార్షల్ దానికి పేటెంట్ తీసుకున్నది 1900 సంవత్సరంలో. అమెరికాలో సిమన్స్ కంపెనీ 1925లో బ్యూటీరెస్ట్ పేరుతో దాన్ని పెద్ద ఎత్తున మార్కెట్లోకి తెచ్చింది. మంచి డిజైనే. ప్రతి స్ప్రింగూ గుడ్డ సంచిలో విడిగా ఉంటుంది కాబట్టి పక్కన పడుకున్నవాళ్లు కదిలినా మనకు అంతగా తెలియదు. తేలిక నిద్ర ఉన్నవాళ్లు, ఇంట్లో రాత్రి షిఫ్టుకు పోయొచ్చేవాళ్లు ఉన్నవాళ్లు అదే తీసుకోవచ్చు. కానీ ఆ సంచులన్నీ జిగురుతో ఒకదానికొకటి అతికి ఉంటాయి. నడుమ ఒకటి పోతే చీల్చకుండా దాన్ని చేరలేం.

బోనెల్ అంటే పైనా కిందా వెడల్పుగా, నడుము సన్నగా ఉండే స్ప్రింగు. వరుసకూ వరుసకూ మధ్య సన్నటి మెలి తీగ ఒకటి దూరి వాటిని కలిపి పడుతుంది. ఆ మెలి తీగ చివర్లు వంచి నొక్కి ఉంటాయి. ప్లయర్‌తో చివర నిటారు చేసి, మెల్లగా తిప్పుతూ వస్తే స్క్రూ ఊడినట్టు తీగ మొత్తం బయటికి వస్తుంది. విరిగిన స్ప్రింగు తీసి, అదే ఎత్తు, అదే మందం ఉన్నది పెట్టి, మెలి తీగను మళ్లీ తిప్పుతూ ఎక్కించాలి. ఓపిక కావాలి తప్ప యంత్రం అక్కర్లేదు. నవారు మీద స్ప్రింగులు నిలబెట్టి పురికొసతో కట్టే పాత పద్ధతి సోఫాలు చేసిన చేతులకు ఇది కష్టమైన పని కాదు. సోఫా రిపేర్ అని కేకేస్తూ కాలనీల్లో తిరిగేవాళ్లను ఆపి అడగండి. వాళ్లకు రానిది స్ప్రింగు మార్చడం కాదు, పరుపు తెరవడం. ఎందుకంటే తెరిచే దారి కంపెనీ ఇవ్వలేదు.

మెత్తదనానికి డబ్బు పెట్టకండి

పడుకొని చూస్తే తెలిసేది పైపొర మెత్తదనం ఒక్కటే. పరుపులో అన్నిటికంటే ముందు చచ్చేది కూడా ఆ పైపొరే. పరుపు గుంట పడిందంటే చాలామంది స్ప్రింగులు పోయాయనుకుంటారు. చాలాసార్లు స్ప్రింగులు బాగానే ఉంటాయి, వాటి మీది ఫోమ్ నలిగి లేవనంటుంది. నడుము, భుజం ఆనే చోట లోతు. పరుపు మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఒక దారం బిగుతుగా పట్టుకొని, దానికీ పరుపుకూ మధ్య ఎంత సందు ఉందో స్కేలుతో కొలవండి. తరువాత పరుపును తిరగేసి అడుగు వైపు కూడా కొలవండి. పైన గుంట, అడుగున చదును అంటే పోయింది ఫోమ్.

మరి ఫోమ్ ఒక్కటే మార్చవచ్చు కదా? మార్చలేం. పొర మీద పొర జిగురు పోసి అతికించి, చుట్టూ అంచు కుట్టు వేసి మూసేశారు. ఒక పొర చచ్చిందని మూడు పొరలు పారేయాలి. నేను పరుపుల కంపెనీలను గట్టిగా అడిగేది ఇదే: జిగురు మానండి, జిప్పు పెట్టండి. అంచు చుట్టూ మూడు వైపులా జిప్పు, లోపల పొరలు విడివిడిగా, స్ప్రింగుల చట్రానికి పైన వేసే పట్టాకు రింగులతో బిగింపు. ఏ పొర పోతే ఆ పొర కొలత చెప్పి కొనుక్కుంటాం. హైదరాబాద్‌లోనే సెంచురీ కంపెనీ 1988 నుంచి పరుపులు చేస్తోంది. ఈ పని ఈ ఊళ్లో ఎవరికీ చేతకానిది కాదు.

కంపెనీలు మారేదాకా మనం చేయగలిగింది ఒకటుంది. పైన మెత్తలు కుట్టిన ఖరీదైన పరుపు కొనకండి. పల్చటి, గట్టి, రెండు వైపులా వాడుకునే స్ప్రింగు పరుపు తీసుకోండి. మెత్తదనం కావాలంటే పైన వేసుకునే టాపర్ విడిగా కొనుక్కోండి. అది నలిగితే అదొక్కటే మారుతుంది. ఫోమ్ కొనేటప్పుడు డెన్సిటీ ఎంతో అడగండి. 32 అంటే ఘనమీటరుకు 32 కిలోలు, 40 అంటే 40 కిలోలు. అదే రకం ఫోమ్‌లో బరువైనది నెమ్మదిగా నలుగుతుంది. డెన్సిటీ వేరు, గట్టిదనం వేరు. వేలితో నొక్కి చూసి డెన్సిటీ చెప్పేవాళ్ల మాట నమ్మకండి, తూకం వేయమనండి.

టాపర్‌గా దూది పరుపు వేసుకుంటే మరీ మంచిది. దూది అణిగితే విప్పి, ఏకించి, కొంచెం కొత్త దూది కలిపి మళ్లీ కుట్టించుకోవచ్చు. ఏకిన దూది లేచినట్టు నలిగిన ఫోమ్ ఏ యంత్రంలో వేసినా లేవదు. దూది పరుపులు కుట్టే షాపులు ఇంకా బతికి ఉండగానే వాళ్లకు పని ఇద్దాం.

వారంటీ ఏళ్లు లెక్కపెట్టకండి

ఏళ్లు కాదు, షరతులు చదవండి. గుంట అంగుళమో అంగుళమున్నరో దాటితే తప్ప లెక్కలోకి రాదని చాలా వారంటీ కాగితాల్లో ఉంటుంది. మరక ఉంటే వారంటీ చెల్లదంటారు. సరైన ఆధారం లేని మంచం మీద వేస్తే చెల్లదంటారు. ఆ మాటలో మాత్రం న్యాయముంది. అడుగు పట్టీల మధ్య మూడంగుళాల కంటే ఎక్కువ సందుంటే, వెడల్పు మంచానికి నడుమ కాలు లేకపోతే, ఎంత మంచి పరుపైనా కుంగుతుంది. పరుపు మార్చే ముందు మంచం అడుగు చూడండి.

ఏళ్ల వారంటీ కంటే విడిభాగాల హామీ విలువైనది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్ 24న రైట్ టు రిపేర్ పోర్టల్ మొదలుపెట్టింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, ఇంటి ఎలక్ట్రానిక్ వస్తువులు, వాహనాలు అందులో ఉన్నాయి. మంచం, పరుపు లేవు. ఉండాలి. యూరప్‌లో 2024 జులై 18న అమల్లోకి వచ్చిన ఎకో డిజైన్ చట్టం కింద, ముందుగా నిబంధనలు తేవాల్సిన వస్తువుల పట్టికలో 2025లో ఫర్నిచర్‌ను, పరుపులను చేర్చారు. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం 2013లోనే పాత పరుపులను వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారుల మీద పెడుతూ చట్టం చేసింది. మన దగ్గర పాత పరుపు చెత్త ఎత్తే స్వచ్ఛ ఆటోలో పట్టదు. ఏ ఖాళీ ప్లాటులోనో, నాలా గట్టునో తేలుతుంది. వాన పడితే ఆ నాలాకే అడ్డం పడుతుంది.

నేలకు ఆనే మంచం కొనకండి

2020 అక్టోబర్ 13 రాత్రి ఇటువైపు ఎవరూ మరిచిపోరు. సరూర్‌నగర్ చెరువు పొంగి కోదండరామ్‌నగర్, చుట్టుపక్కల కాలనీలు మునిగాయి. నాగోల్, ఎల్బీనగర్, హయత్‌నగర్ వైపు కూడా ఎన్నో కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. వరద తీశాక తడిసిన పరుపులు, సోఫాలు వీధుల్లో గుట్టలు పడ్డాయి. ఆ నీళ్లలో మురుగు కలిసి ఉంటుంది. మురుగు తాగిన ఫోమ్‌ను ఎండబెట్టి మళ్లీ వాడుకోకండి, ఎంత ఖరీదైనదైనా సరే. నొప్పిగానే ఉంటుంది, కానీ లోపలి తడి ఆరదు, బూజు పోదు.

మంచాల సంగతి వేరు. అక్కడ డిజైన్ తేడా తేటగా కనిపిస్తుంది. పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ నీళ్లు తాగితే ఉబ్బి, స్క్రూ పట్టు వదిలేస్తాయి, మళ్లీ అదే రంధ్రంలో స్క్రూ నిలవదు. ఇనుప చట్రాన్ని కడిగి, తుప్పు గీకి, రంగు వేసుకోవచ్చు. చెరువు దిగువన, నాలా పక్కన గ్రౌండ్ ఫ్లోరులో ఉండేవాళ్లు నేలకు ఆనే బాక్సు మంచం కొనకండి. కింద చీపురు దూరేంత, వీలైతే బకెట్ పట్టేంత ఖాళీ ఉన్న మంచం, జింకు పూత బోల్టులు, ప్లైవుడ్ తప్పదంటే ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై. ఐఎస్ 303 కింద వచ్చే మామూలు కమర్షియల్ ప్లై తేమకు కొంత ఆగుతుంది, మునకకు ఆగదు.

హైడ్రాలిక్ స్టోరేజ్ మంచం ఉన్నవాళ్లకు రెండు ముక్కలు. ఆ మూతను లేపేది నూనె కాదు, గొట్టంలో గట్టిగా నొక్కి నింపిన నైట్రోజన్ వాయువు. ఏళ్లు గడిచేకొద్దీ అది తగ్గి మూత నిలవదు. అప్పుడు రెండు వైపులవీ ఒకేసారి మార్చండి, గొట్టం మీద న్యూటన్లలో రాసి ఉన్న అంకె సరిచూసుకొని అదే బలం ఉన్నవి తెప్పించండి. విప్పే ముందు మూత కింద గట్టి కర్ర ఆనించండి. పాత గొట్టాన్ని కోయకండి, రంధ్రం వేయకండి, నిప్పు దగ్గర పెట్టకండి. పిల్లలున్న ఇంట్లో మూత దానంతట అది జారుతోందంటే ఆ రోజే దాన్ని మూసి వాడకం ఆపేయండి.

బిల్లు మీద ఏం రాయించుకోవాలి

బిల్లు మీద "డబుల్ కాట్ 1, స్ప్రింగ్ పరుపు 1" అని రాసిస్తే ఒప్పుకోకండి. తీగ మందం మిల్లీమీటర్లలో, స్ప్రింగు రకం, ఫోమ్ డెన్సిటీ, పైపు గేజ్, బోల్టు సైజు, ప్లై ముద్ర అన్నీ అందులో రాయించండి. రేపు స్ప్రింగు మార్చాల్సి వస్తే ఆ కాగితమే కొలత పట్టీ, వాదన వస్తే అదే సాక్ష్యం. బిల్లు ఇవ్వననడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అన్యాయపు వ్యాపార పద్ధతి. ఫిర్యాదుకు జాతీయ హెల్ప్‌లైన్ నంబర్ 1915.

డబ్బు కట్టే ముందు మంచాన్ని మీ ఎదుట ఒకసారి విప్పి మళ్లీ బిగించమనండి. విప్పే కుర్రాడికి ఎన్ని పనిముట్లు కావాల్సి వస్తున్నాయో, ఎక్కడ సుత్తి తీస్తున్నాడో చూడండి. సుత్తి తీసిన చోట మీకు రేపు ఇబ్బంది ఉంది. తరువాత విడి స్ప్రింగులు, నాలుగు ఎస్ హుక్కులు, గుప్పెడు బోల్టులు, రెండు స్పానర్లు గుడ్డ సంచిలో వేయించి తల వైపు పట్టెకు లోపలి పక్కన కట్టించండి. అంత తీరిక లేదని షాపువాళ్లు అంటే గొడవ పెట్టుకోకుండా బయటికి వచ్చేయండి. మూసారాంబాగ్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో పిల్లర్ల వెంట పరుపుల షాపులు, ఫర్నిచర్ షాపులు ఇంకా చాలా ఉన్నాయి, ఒకరు కాకపోతే ఒకరు విప్పి చూపిస్తారు.